ఆగగలిగే బలం: తొలి స్థలం కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

మన ఇళ్లలో భూమి మాట వస్తే అందరి నోటా ఒకటే ప్రశ్న: "అక్కడ పెరుగుతుందంటావా?" మేనమామ అడుగుతాడు, ఆఫీసులో పక్క సీటాయన అడుగుతాడు, డాలస్ నుంచి ఫోన్ చేసిన అన్నయ్యా అదే అడుగుతాడు. దీనికి కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. రింగు రోడ్డు ఎటు వంపు తిరుగుతుందో, ప్రాజెక్టు ఏ ప్రభుత్వంలో ఆగుతుందో, ఏ ఏడు రిజిస్ట్రేషన్లు మందగిస్తాయో చెప్పగలిగినవాళ్లు లేరు. అయినా ఎవరో ఒకరు ధీమాగా జవాబు చెబుతారు. ఆ ధీమా చూసి మనం అడ్వాన్స్ ఇచ్చేస్తాం.

ఈ అధ్యాయం మిమ్మల్ని వేరే ప్రశ్న అడగమంటుంది: "పెరగకపోతే నేనెన్నాళ్లు ఆగగలను?" దీని జవాబు మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. మీ జీతం, మీ అప్పులు, ఇంటి ఖర్చు, రాబోయే పెళ్లిళ్లు, ఫీజులు తెలిస్తే చాలు, అరగంటలో తేలిపోతుంది.

భూమి ధర తగ్గినంత మాత్రాన ఎవరూ చితికిపోరు. ధర తగ్గి ఉన్న రోజుల్లోనే అమ్మక తప్పని పరిస్థితి వచ్చినవాళ్లు చితికిపోతారు. బంగారం తాకట్టు పెడితే గంటలో డబ్బు చేతికొస్తుంది. స్థలానికి కొనేవాడు దొరకడానికే నెలలు పడుతుంది. అవసరం మనదైతే బేరం ఎదుటివాడిది. కాబట్టి రియల్ ఎస్టేట్‌లో కొత్తగా అడుగుపెట్టేవారికి రిస్కు అంటే నా దృష్టిలో ఒకటే: మన డబ్బుకున్న గడువుకూ, ఆ భూమికి కావాల్సిన కాలానికీ పొంతన కుదరకపోవడం.

అమరావతి చెప్పిన పాఠం

ఇది మన కళ్లముందు జరిగిందే. 2014లో రాష్ట్రం విడిపోయాక తుళ్లూరు చుట్టుపక్కల కొత్త రాజధాని వస్తుందని ఖరారైంది. భూసమీకరణలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. గుంటూరు, విజయవాడల నుంచే కాదు, హైదరాబాద్ నుంచీ విదేశాల నుంచీ డబ్బు వచ్చి అక్కడి ప్లాట్లలో పడింది. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. పనులు ఆగాయి, ధరలు కుంగాయి, కొనేవారు కనబడలేదు. 2022 మార్చిలో అమరావతికి అనుకూలంగా హైకోర్టు తీర్పు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి.

శంకుస్థాపనకీ పునఃప్రారంభానికీ మధ్య దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లలో పక్కపక్క ప్లాట్లు కొన్న ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరిదీ ఒకే లేఅవుట్, ఒకే ధర, ఒకే రోజు రిజిస్ట్రేషన్. ఒకరు మిగులు డబ్బుతో కొన్నారు, ధర పడినప్పుడు బాధపడ్డారు, కాగితాలు బీరువాలో పెట్టి ఊరుకున్నారు. రెండోవారు బయట వడ్డీకి తెచ్చి కొన్నారు. 2020లో కోవిడ్ వచ్చి ఆదాయం ఆగింది, అప్పిచ్చినవారు తలుపు తట్టారు, వచ్చిన ధరకు వదిలించుకున్నారు. భూమి ఇద్దరికీ ఒకటే. తేడా అంతా వాళ్ల ఆగగలిగే బలంలో ఉంది. మొదటివారి డబ్బు కూడా ఏళ్ల తరబడి పైసా రాబడి లేకుండా ఇరుక్కుపోయిందన్నది మరవకూడదు. కానీ వారి ఇల్లు నడిచింది, పిల్లల చదువు ఆగలేదు.

ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడి కొనే ప్రతి స్థలానికీ ఇదే వర్తిస్తుంది: ఫలానా చోట ఎయిర్‌పోర్టు, ఫలానా చోట ఫార్మా సిటీ, మెట్రో పొడిగింపు. ప్రకటన వచ్చిన రోజు నుంచి బస్సు తిరిగే రోజు దాకా మీరు ఆగగలరా అన్నదే లెక్క.

గడువున్న డబ్బు, గడువు లేని డబ్బు

ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్న సొమ్మంతా రాయండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, చీటీ డబ్బు, పీఎఫ్, బంగారం, ఊళ్లో పొలం అమ్మితే వచ్చినది. ప్రతి దాని పక్కనా అది ఎప్పుడు కావాలో రాయండి. రెండేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి, మూడేళ్లలో చెల్లెలి పెళ్లి, నాన్నగారి మోకాలి ఆపరేషన్ ఎప్పుడైనా రావచ్చు. ఇలా తేదీ పడిన డబ్బు ఏదీ భూమిలోకి వెళ్లకూడదు. "పెళ్లినాటికి రెట్టింపు అవుతుంది, అమ్మి చేసేద్దాం" అన్న ఆలోచనతోనే చాలామంది పెళ్లి ముహూర్తం పెట్టుకుని, ప్లాటుకు కొనేవాడు దొరక్క వడ్డీకి తిరిగారు.

తరువాత ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఇప్పటికే ఈఎంఐలు ఉంటే అవి కూడా ఆ ఆరు నెలల్లో కలపండి. ప్రైవేటు ఉద్యోగమైతే, ముఖ్యంగా ఐటీ అయితే, తొమ్మిది నెలలు పెట్టుకోమంటాను. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ లేకుండా స్థలం కొనడం మొదలుపెట్టకండి. ఒక్క ఆసుపత్రి బిల్లుతో ఆగే శక్తి మొత్తం పోతుంది.

ఇవన్నీ తీసేశాక మిగిలింది మీ అసలు పెట్టుబడి. అది చాలామంది అనుకున్నదాంట్లో సగం కూడా ఉండదు. నిరుత్సాహపడకండి. ఈ అంకె ఎంత చిన్నదైనా నికరమైనది, దీని మీద నిలబడి తీసుకునే నిర్ణయం మిమ్మల్ని కుదేలు చేయదు.

గజం ధర వెనకున్న ధర

ఇప్పుడు ఒక ఉదాహరణ పూర్తిగా లెక్క కడదాం. గజం 15,000 చొప్పున 200 గజాల ప్లాటు. ధర 30 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం. మొత్తం ధర మీద కడితే 2 లక్షల 25 వేలు. మధ్యవర్తి కమీషన్, లాయరు ఫీజు, సర్వే, చుట్టూ ఫెన్సింగు, చిల్లర ఖర్చులకు 75 వేలు అనుకుందాం. మీ చేతి నుంచి వెళ్లేది 33 లక్షలు.

ఇందులో 15 లక్షలు మీవి, 18 లక్షలు బ్యాంకు ప్లాటు లోను. 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలకు ఈఎంఐ సుమారు 23,800. అయిదేళ్ల తర్వాత అమ్ముదామనుకున్నారు. అప్పటికి కట్టింది 14 లక్షల 27 వేలు. అందులో వడ్డీ కిందే దాదాపు 7 లక్షల 50 వేలు పోయింది. ఇంకా 11 లక్షల 20 వేల దాకా అసలు బాకీ ఉంది. మీ సొంత 15 లక్షలు 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండి ఉంటే అయిదేళ్లలో మరో 6 లక్షలు వచ్చేది.

కూడండి: 33 లక్షలు, వడ్డీ ఏడున్నర, వదులుకున్న రాబడి 6. మొత్తం 46 లక్షల 50 వేలు. గజానికి 23,250. అంటే పదిహేను వేలకు కొన్న స్థలాన్ని ఇరవై మూడు వేలకు అమ్మినా మీకు మిగిలింది లేదు. చుట్టాలందరూ "గజానికి ఎనిమిది వేలు లాభం" అంటారు. మీ కాగితం సున్నా అంటుంది. ధర ఏటా 9 శాతానికి పైగా పెరిగితేనే మీరు మొదలుపెట్టిన చోట ఉంటారు. అమ్మేటప్పటి కమీషన్, పన్ను ఇందులో ఇంకా కలపలేదు. రెండేళ్లు దాటి అమ్మిన స్థలం మీద వచ్చే దీర్ఘకాల లాభానికి 2024 జులై 23 నుంచి 12.5 శాతం పన్ను ఉంది.

ఈ లెక్కను మీరు చూస్తున్న ప్రతి స్థలానికీ వేయండి. ఇలా తేలిన గజం ధరను నేను గట్టెక్కే ధర అంటాను. అయిదేళ్లలో ఆ ధర వస్తుందని మీరు దేన్ని చూసి నమ్ముతున్నారో రెండు వాక్యాల్లో రాయండి. "ఏజెంటు చెప్పాడు" తప్ప మరేమీ రాయలేకపోతే ఆగండి.

ఫ్లాటుకైతే లెక్క వేరుగా ఉంటుంది. 80 లక్షల ఫ్లాటు, ఇంకా కట్టుబడిలో ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహ రుణానికి ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. అంటే గరిష్ఠంగా 64 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలోకి రావు. మీరు తెచ్చుకోవాల్సింది 16 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 6 లక్షలు, 5 శాతం జీఎస్టీ కింద 4 లక్షలు, మొత్తం 26 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, సొసైటీ కార్పస్ ఫండ్ దీనికి అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు, ఆలస్యం రిస్కూ ఉండదు. ధర కాస్త ఎక్కువైనా తొలిసారి కొనేవారికి అది మంచి బేరమే కావచ్చు.

64 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 55,500. నెలకు 22 వేల అద్దె వస్తుందనుకుందాం. మిగతా 33,500, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఏడాదిలో ఓ నెల ఖాళీగా ఉండే రోజులు అన్నీ మీ జీతం లోంచే రావాలి. "అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుంది" అన్న మాట ఎవరైనా అంటే కాగితం, పెన్ను వాళ్ల ముందు పెట్టండి.

అప్పు పెరిగితే ఆగే కాలం తరుగుతుంది

అప్పు చేయకుండా ఇల్లు కొనగలిగేవారు మనలో కొద్దిమందే. అప్పు తప్పు కాదు. ఏ అప్పు, ఎంత, ఎన్నాళ్లకు అన్నదే ప్రశ్న.

బ్యాంకు గృహ రుణాల్లో ఎక్కువ భాగం రెపో రేటును బట్టి మారేవే. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరి నాటికి 6.5 అయింది. తొమ్మిది, పది నెలల్లో రెండున్నర శాతం. పై ఉదాహరణలో 8.5 శాతం 11 అయితే ఈఎంఐ 55,500 నుంచి 66 వేలకు చేరుతుంది. చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తాయి. నెల నెలా కట్టేది మారలేదని మనం ధీమాగా ఉంటాం, ఇరవై ఏళ్ల అప్పు పాతికేళ్లు దాటిపోతుంది. కాబట్టి లోను తీసుకునే ముందే రెండున్నర శాతం ఎక్కువ వడ్డీతో ఈఎంఐ ఎంతో లెక్క కట్టించుకోండి. ఆ మొత్తాన్ని కూడా కట్టగలిగితేనే సంతకం పెట్టండి. నా సలహా: అన్ని ఈఎంఐలూ కలిపి చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకూడదు. ఒక్కరి జీతంతో నడిచే ఇల్లయితే 30 దగ్గరే ఆగండి.

చేబదుళ్లు, ప్రామిసరీ నోటు అప్పుల సంగతి పూర్తిగా వేరు. నూటికి రెండు రూపాయల వడ్డీ వింటే చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. 5 లక్షలు తెస్తే నెలకు 10 వేలు, అయిదేళ్లకు వడ్డీయే 6 లక్షలు, అసలు అలాగే ఉంటుంది. ఈ వడ్డీకి తెచ్చి కొన్న భూమి మూడేళ్లలో దాదాపు రెట్టింపు అయితేనే మీరు గట్టెక్కుతారు. "రిజిస్ట్రేషన్‌కు మూడు లక్షలే తగ్గాయి, సర్దుకుందాం" అనుకునే చోటే ఈ అప్పు ఇంట్లోకి వస్తుంది. ఆ మూడు లక్షలు తగ్గాయంటే ఆ స్థలం మీ స్తోమతకు మించినదని అర్థం. చిన్న స్థలం చూడండి, లేదా ఇంకో ఏడాది దాచండి.

అగ్రిమెంటులోనూ గడువు ఉచ్చు ఉంది. బయానా ఇచ్చి మూడు నెలల్లో మిగతాది కడతామని రాస్తాం. బ్యాంకు లీగల్ పరిశీలన, వాల్యుయేషన్ ఆలస్యమవుతాయి. గడువు దాటితే అడ్వాన్సు పోయినట్టేనని అమ్మేవారు అంటారు. అందుకే అగ్రిమెంటులోనే రాయించండి: టైటిల్ లోపం వల్ల బ్యాంకు లోను నిరాకరిస్తే అడ్వాన్సు పూర్తిగా ఇన్ని రోజుల్లో వాపసు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మీరు కొనకపోవడమే మంచిది.

కాగితాల రిస్కు: ఖర్చు పెట్టి తొలగించుకోవాల్సింది

ధర పెరగకపోతే ఆగవచ్చు. టైటిల్ సరిగా లేకపోతే ఆగినకొద్దీ ఇంకా కూరుకుపోతాం. అందుకే ఈ రిస్కును భరించాలని చూడకండి, కొనేముందే తొలగించుకోండి. లాయరు ఫీజు, సర్వేయరు ఫీజు కలిపి స్థలం విలువలో ఒక శాతం కూడా కావు.

చాలామంది ఒక పొరపాటు నమ్మకంతో ఉంటారు: రిజిస్ట్రేషన్ అయితే హక్కు వచ్చేసినట్టే అని. మన దేశంలో రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజును నమోదు చేస్తుంది, అమ్మినవారికి ఆ హక్కు ఉందని పూచీ ఇవ్వదు. ఆ పరిశీలన మనమే చేయించుకోవాలి.

ఈసీతో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) మొదలుపెట్టండి. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. ఈసీ తీసుకోగానే "ఈసీ క్లియర్" అన్న మాటతో తృప్తిపడకండి. పెన్సిలు పట్టుకుని వరస వరసా చదవండి. ప్రతి వరసలో ఎవరు రాసిచ్చారు, ఎవరు రాయించుకున్నారు, ఏ రకం దస్తావేజు, ఎంత విస్తీర్ణం అన్నవి ఉంటాయి. ఒక వరసలో కొన్నవారే తర్వాతి వరసలో అమ్మినవారు కావాలి. మధ్యలో కొత్త పేరు వచ్చిందంటే ఆ హక్కు వారికెలా వచ్చిందో చూపే దస్తావేజు అడగండి. తాకట్టు వరస ఉంటే, అది తీరినట్టు చూపే వరస కింద ఉందో లేదో చూడండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఉంటే బిల్డరు వాటా ఏది, యజమాని వాటా ఏది అన్నది అడగండి. చివరగా విస్తీర్ణాలు కూడండి. రెండు ఎకరాల పది సెంట్లు కొన్న మనిషి ఏళ్ల తరబడి అమ్మిన ముక్కలన్నీ కలిపితే రెండు ఎకరాల నలభై సెంట్లు తేలితే, ఆ చివరి ముప్పై సెంట్లు కొన్నవారి స్థలం కాగితం మీదే ఉంది. మీ ముక్క ఆ వరసలో ఎక్కడుందో అప్పుడు అర్థమవుతుంది.

ఈసీలో కనబడనివి కూడా ఉన్నాయి. కోర్టు కేసులు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటి మాట పంపకాలు అందులో ఉండవు. మన పల్లెల్లో ఎక్కువగా తేడా వచ్చేది ఆడపిల్లల వాటా దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టి అమ్ముతున్న పిత్రార్జితంలో అక్కచెల్లెళ్ల సంతకాలు లేవంటే బేరం అక్కడే ఆపండి. వంశవృక్షం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అది అమ్మేవారిని అనుమానించడం కాదు, ఆ ఇంటి ఆడబిడ్డల హక్కును గౌరవించడం కూడా.

ఇంకా చూడాల్సినవి: సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందా, అది అసైన్డ్ భూమా, వక్ఫ్ లేదా దేవాదాయ భూమా, చెరువు శిఖమా, ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దులో) లేదా దాని బఫర్‌లో ఉందా. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక హైదరాబాద్‌లో చెరువుల దగ్గర జరిగిన కూల్చివేతలు అందరం చూశాం. చేతిలో దస్తావేజు ఉన్నంత మాత్రాన చెరువులో గోడ నిలవదు. కేవలం జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతుంటే, 2011లో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి: జీపీఏ అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదు.

ముట్టుకోకూడని మూడు

కొన్ని రిస్కులకు లెక్క అవసరం లేదు, వదిలేయడమే లెక్క.

మొదటిది ప్రీలాంచ్, అంటే అనుమతులు, నమోదు లేకముందే అమ్మడం. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన స్థలంలోనిదో, ఎనిమిది ఫ్లాట్లు దాటినదో అయితే ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. నమోదు కాకముందు ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం చట్టవిరుద్ధం. నమోదయ్యాక కూడా అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ప్రీలాంచ్‌లో చదరపు అడుగుకు వెయ్యి, రెండు వేలు తగ్గుతాయంటే, ఈ రక్షణలన్నీ మీరు వదులుకున్నందుకు ఇస్తున్న ధర అది. డబ్బంతా ఒకేసారి కట్టి, విడదీయని వాటా రాయించుకుని, అనుమతులే రాని ప్రాజెక్టుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలు హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి.

రెండోది బై బ్యాక్, గ్యారంటీ అద్దె. "ఇరవై నెలలు నెలకింత ఇస్తాం, తర్వాత రెట్టింపుకు మేమే కొంటాం" అనే చోట మీరు భూమి కొనడం లేదు, ఆ సంస్థకు తాకట్టు లేని అప్పు ఇస్తున్నారు. మొదటి నెలల్లో వచ్చే డబ్బు మీరు కట్టినదే కావచ్చు, మీ తర్వాత చేరినవారిదీ కావచ్చు.

మూడోది బ్లాక్. పదిలక్షలు చెక్కు, ఇరవై లక్షలు నగదు అన్నారనుకోండి. రేపు బేరం చెడితే చట్టం ముందు మీరు ఇచ్చింది పదే. స్థిరాస్తి అడ్వాన్సులో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధించింది. మీరు తిరిగి అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా ఉంటుంది కాబట్టి మీ లాభం కాగితం మీద ఎక్కువై, పన్నూ ఎక్కువవుతుంది. అలాగే 50 లక్షలు, ఆ పైన ఆస్తి కొంటే ఒక శాతం టీడీఎస్ పట్టి కట్టాల్సింది మీరే. అమ్మేది విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లయితే ఆ ఒక శాతం చాలదు, రేటు అంతకంటే చాలా ఎక్కువ. ఆడిటరును కలిశాకే డబ్బు పంపండి.

ఆదివారం ఒకసారి, మామూలు రోజు ఇంకోసారి

సైటు విజిట్ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే కారు ఇంటికొస్తుంది. దగ్గరకు వెళ్లగానే ఆర్చి, కొత్త తారు రోడ్డు, షామియానా, భోజనం. పెద్ద మ్యాపు మీద అమ్ముడైన ప్లాట్లకు ఎర్ర రంగు. "ఈస్ట్ ఫేసింగ్‌లో ఇదొక్కటే మిగిలింది సార్, సాయంత్రంలోగా టోకెన్ పడితే గజానికి అయిదొందలు తగ్గిస్తాం." పక్క టేబుల్ దగ్గర ఎవరో చెక్కు రాస్తుంటారు. ఆ వాతావరణంలో కాదనడం కష్టం. అందుకే ఇంటి దగ్గరే ఒక నియమం పెట్టుకోండి: ఆదివారం వెళ్తాను, చెక్కు పుస్తకం తీసుకెళ్లను.

తర్వాత మామూలు రోజున మీ బండి మీద వెళ్లండి. వీలైతే వాన పడిన మర్నాడు. నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పారుతున్నాయో చూడండి. హైటెన్షన్ తీగలు ఎటు వెళ్తున్నాయో చూడండి. టేపు పట్టి ప్లాటు కొలవండి, రోడ్డు వెడల్పు కొలవండి. హద్దు రాయి మీది నంబరు, మ్యాపులోది ఒకటేనా చూడండి. ఊళ్లోకి వెళ్లి టీకొట్టు దగ్గర కూర్చుని, ఆ భూమి ముందు ఎవరిదో అడగండి. ఊరి పెద్దలకు సర్వే నంబరు తెలియకపోయినా, ఆ చెలకలో తగాదా ఉందో లేదో తెలుసు. చివరగా అక్కడ స్థలం అమ్ముకోవాలని చూస్తున్నవారిని పట్టుకుని, ఎన్నాళ్లుగా అమ్మకానికి పెట్టారో, ఎంత అడుగుతున్నారో, ఎంత వస్తోందో అడగండి. కొనే ధర కంపెనీ చెబుతుంది. అమ్మితే వచ్చే ధర వీళ్లే చెబుతారు.

లేఅవుట్ హెచ్ఎండీఏ, డీటీసీపీ లాంటి సంస్థల అనుమతి పొందిందా లేదా అన్నది కాగితం నంబరుతో సహా సరిచూసుకోండి. వ్యవసాయ భూమిని గుంటల లెక్కన కోసి ఫామ్ ప్లాట్లని అమ్మేవాటికి లేఅవుట్ అనుమతి లేకపోతే, రేపు ఇంటి అనుమతికీ, బ్యాంకు లోనుకూ, తిరిగి అమ్మకానికీ అన్నిటికీ ఇబ్బందే.

నలుగురు స్నేహితులు కలిసి ఎకరం కొనడం మనవాళ్లకు అలవాటు. చేయొచ్చు, కానీ స్నేహం బాగున్నప్పుడే కాగితం రాసుకోండి: ఎవరికి ఏ ముక్క, ఎవరైనా బయటికి వెళ్లాలంటే ధర ఎలా కడతారు, ఒకరు చనిపోతే వారసుల సంగతేమిటి. నలుగురిలో ఆగే బలం తక్కువున్నవారిని బట్టే ఆ ఎకరం భవిష్యత్తు ఉంటుంది. వారికి డబ్బు అవసరమైన రోజున మిగతా ముగ్గురూ కొనాలి, లేదా అందరూ అమ్మాలి.

మీ మిగులు లక్షో, రెండో అయితే తొందరపడి మారుమూల ముక్క కొనాల్సిన పని లేదు. స్టాక్ ఎక్స్‌ఛేంజీలో నమోదైన రీట్లు 2019 నుంచి ఉన్నాయి. ఇవి అద్దెకిచ్చిన ఆఫీసు భవనాల్లో వాటా లాంటివి, ఒక్క యూనిట్ కూడా కొనవచ్చు. ధర హెచ్చుతగ్గులు వీటికీ ఉంటాయి, కానీ అవసరమైన రోజున అమ్ముకోవచ్చు. స్థలానికి డబ్బు కూడే దాకా ఆస్తి మీద అద్దె, ధర ఎలా కదులుతాయో నేర్చుకోవడానికి ఇది మంచి బడి.

ఈ వారం చేయాల్సిన పని

మీరు చూస్తున్న స్థలం ఏదైనా సరే, ఒక పేజీలో ఈ ఏడింటికీ జవాబులు రాయండి.

1. తేదీ పడిన డబ్బు, ఆరు నెలల ఖర్చు తీసేశాక నా దగ్గర నిజంగా మిగిలిందెంత?
2. రిజిస్ట్రేషన్, కమీషన్, ఫెన్సింగు అన్నీ కలిపి నా చేతి నుంచి వెళ్లేదెంత?
3. అయిదేళ్లకు నా గట్టెక్కే ధర గజానికి ఎంత?
4. వడ్డీ రెండున్నర శాతం పెరిగితే ఈఎంఐ ఎంత? కట్టగలనా?
5. ఈసీ, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), 22ఎ జాబితా, కుటుంబ సంతకాలు ఏ లాయరు చూశారు? రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చారా?
6. అదే చోట ఇప్పుడు అమ్ముకోవాలని చూస్తున్నవారికి ఎంత ధర వస్తోంది, ఎన్ని నెలలుగా తిరుగుతున్నారు?
7. ఉద్యోగం పోయి, ధర పావు వంతు తగ్గితే, ఈ స్థలం అమ్మకుండా నేనెన్ని నెలలు ఇల్లు నడపగలను?

ఈ పేజీ మీ భార్యకు లేదా భర్తకు చదివి వినిపించండి. ఇంట్లో ఇద్దరికీ తెలియని అప్పు మీద ఏ ఆస్తీ నిలవదు. ఏడో ప్రశ్నకు జవాబు పద్దెనిమిది నెలలు దాటితే ముందుకు వెళ్లండి. పన్నెండుకు లోపైతే చిన్న స్థలం చూడండి, లేదా అప్పు తగ్గించుకోండి. మధ్యలో ఉంటే ఇంకో ఆరు నెలలు దాచి మళ్లీ లెక్క కట్టండి. ఈలోగా "మంచి బిట్టు చేజారింది" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. స్థలాలు మళ్లీ మళ్లీ అమ్మకానికి వస్తాయి. చితికిన ఇల్లు తిరిగి నిలబడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ ఏడో జవాబును నెల నెలా కాస్త పెంచుకుంటూ వెళ్లడమే మీ తొలి పెట్టుబడి.